ఇరవై మూడు ఓములు

మంగళవారం, పడుకునే ముందు

ఆళ్లగడ్డ నుంచి ఇప్పుడే నంద్యాల చేరాను. చేతులకు ఇంకా కాలిన వైరు వాసన పోలేదు.

నిన్న తమ్ముడు పొలంలో బోరు దగ్గర నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, ఓల్టేజీ నూటరవై ఒకటే సూపిస్తాండాది. మోటరు ఆపేసేదా?"

స్టాఫ్ రూములో కూర్చుని లెక్క వేశాను. మామూలుగా 230 వోల్టులకు 10 ఆంపియర్లు, అంటే నిరోధం 23 ఓములు. 161 వోల్టులకు 7 ఆంపియర్లే. పవరు సగమే, వేడీ తక్కువే. "ఏం కాదు, నడుపు" అన్నాను. గంటలో మోటారు కాలిపోయింది.

ఈరోజు రిపేరు షాపులో మెకానిక్ నల్లబడిన వైరు చుట్ట నా ముందు పడేశాడు. "మోటరేమన్నా హీటరా సార్? ఓల్టేజీ తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ గుంజుతాది. స్టార్టరు మీద ఆంపియర్ల ముల్లు సూసింటే తెలిసిపోయేది."

ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఆ ముల్లు ఎంత చూపిస్తోందని ఒక్క మాట అడగలేదు.

తమ్ముడు నన్ను తిట్టలేదు. మెకానిక్‌తో మాత్రం మెల్లగా అన్నాడు. "ఆపాలని నాకూ తెల్సప్పా. అన్న సారు గదా అని నడిపినా."

మిరప తోట ఎండుతోంది. రేపు పదో తరగతికి ఇదే లెక్క. అందరూ 23 అనే రాస్తారు. నేనే టిక్కు పెట్టాలి.