ప్రొద్దుటూరులో నీ పేరు

నాయనా,

నిన్ను తీసుకుపోయిన ఊపిరితిత్తుల క్యాన్సరే తమ్ముడు ఓబులేసుకూ వచ్చింది. ఆపరేషన్ అయింది. అది మళ్ళీ వస్తుందేమో ముందే చెప్పే రక్తపరీక్ష ఇప్పుడుంది. క్యాన్సర్ విడిచిన డీఎన్ఏ ముక్కలు రక్తంలో మిగిలాయేమో వెతుకుతారు. నీ కాలంలో ఇది లేదు.

పోయిన నెల ప్రొద్దుటూరు ల్యాబులో రక్తం ఇచ్చాడు. ఏమీ మిగల్లేదని రిపోర్టు వచ్చింది. డాక్టరు మాత్రం, "ఇది మీది కాదు, రవి అని ఇంకెవరిదో" అని పక్కన పెట్టేశాడు.

"ఏందిరా ఇది?" అన్నాను బయటికొచ్చాక.

"ల్యాబులో పేరు నేనే అట్ల చెప్పినా అక్కా. ప్రొద్దుటూరులో మన పేరు చెప్పొద్దంటాండె కదా నాయన."

పులివెందుల దారిలో నీ జీపు మీద బాంబులు పడ్డాక నువ్వు పెట్టిన కట్టడి అది. ప్రొద్దుటూరులోని నీ పగవాళ్ళంతా ఎప్పుడో పోయారు. వాడింకా దాన్ని పాటిస్తున్నాడు.

ఈరోజు మళ్ళీ రక్తం ఇవ్వడానికి వెళ్ళాం. కౌంటరులో అమ్మాయి పేరూ, తండ్రి పేరూ అడిగింది. వాడు తలుపు వైపు చూశాడు. నేనూ చూశాను.

"ఓబులేసు. తండ్రి కొండన్న. జమ్మలమడుగు" అన్నాడు, నలుగురికీ వినపడేట్టు.

రిపోర్టుకు ఇంకా పదిరోజులు పడుతుందట.

నీ పేరు విని ఒక్కరూ తల తిప్పలేదు, నాయనా.