కెప్టెన్ పుట్టింది మా కొట్టంలో

ఆగస్టు 4
మునిసిపాలిటీ నుంచి కాగితం వచ్చింది. మా కార్గొపొల్ ఊళ్ళో ఏటి ఒడ్డున ఉన్న ఆవిరిస్నానాల కొట్టాలన్నీ సెప్టెంబరులో పీకేస్తారట. షికారుకు బాట వేస్తారట. మాది కూడా. మా తాత చెక్కిన దుంగలు.

ఆగస్టు 5
మ్యూజియం చూసుకునే రిమ్మా పావ్లోవ్నా దగ్గరికి వెళ్ళాను. ఉన్న మాట చెప్పాను. ఉత్తర ధ్రువ సముద్రంలో ఓడతో మంచు చీల్చుకుపోయిన కెప్టెన్ వొకూయెవ్ పుట్టింది మా పొరుగు పఖోమ్ ఇంట్లో కాదు. మా కొట్టంలో. బొడ్డు కోసింది మా నాయనమ్మ అగాఫ్యా.

ఆ రోజుల్లో ఇంట్లో ఎవరు కన్నారు? వెచ్చదనం, వేడినీళ్ళు, ఎవరి దిష్టీ తగలని చోటు. ఆడవాళ్ళంతా కొట్టంలోనే కనేవాళ్ళు. కెప్టెన్ అమ్మానాన్నలు పఖోమ్ వాళ్ళ తాత ఇంట్లో అద్దెకున్నారు, నిజమే. ఆ ఇంటికి కొట్టం ఏది? వాళ్ళంతా మా దాంట్లోనే స్నానం చేసేవాళ్ళు. పఖోమ్ ఈనాటికీ మా దాంట్లోనే ఒళ్ళు రుద్దుకుంటాడు. కెప్టెన్ పేరున్న రాతిపలక మాత్రం వాడి గోడ మీద.

రుజువు కాగితం ఉందా అంది రిమ్మా. మా నాయనమ్మకు చదువు రాదు, సగం ఊరు ఆమె చేతుల్లో పుట్టింది, అంతకన్నా రుజువేమిటి అన్నాను. కుదరదంది. రుజువుంటే కొట్టం నిలుస్తుందట, లేకపోతే లేదట.

ఆగస్టు 6
పఖోమ్ నవ్వాడు. "ఏరా యెఫీమూ, అంత పెద్ద కెప్టెన్ మీ కొట్టం మసిలో పుట్టాడంటావా?"
"మీ అమ్మ నిన్ను కన్నదీ అక్కడే. నీకేమైనా మర్యాద తక్కువైందా?" అన్నాను.
వాడు లోపలికి పోయాడు.

ఆగస్టు 9
గాలి చొరకుండా దుంగల సందుల్లో నాచు కూరాను. పీకేసేదానికి నాచెందుకు అంది కోడలు. ఇంకో గుప్పెడు కూరాను.

ఆగస్టు 17
కెప్టెన్ నూరో పుట్టినరోజు. ముర్మాన్స్క్ నుంచి ఆయన కూతురు లిదియా అర్సేన్యెవ్నా వచ్చింది. డెబ్బై ఏళ్ళు. పఖోమ్ టై కట్టుకున్నాడు. నేను పని చొక్కాతోనే రోడ్డుకు ఇవతల నిలబడ్డాను.

ఆమె పఖోమ్ గోడ దగ్గర పూలు పెట్టింది. పలక చదివింది. రిమ్మా వైపు తిరిగింది.
"అగాఫ్యా వాళ్ళ కొట్టం ఇంకా ఉందా? 'నేను అక్కడి వేడిలో పుట్టాను, మంచు నన్నేం చేస్తుంది' అనేవారు నాన్న. ఉత్తరాల్లో కూడా రాశారు."
నేను రోడ్డు దాటాను.
"ఉందమ్మా. నేను అగాఫ్యా మనవణ్ణి."
తలుపు తీసి పట్టుకున్నాను.

వంగి లోపలికి వెళ్ళింది. గోడ మీద చెయ్యి వేసింది. అరచెయ్యంతా మసి. రిమ్మా రుమాలు ఇవ్వబోతే వద్దంది. ఉత్తరాలు పంపుతానంది.

ఆగస్టు 29
మ్యూజియానికి ఉత్తరాలు వచ్చాయి, రుజువు దొరికింది. మా కొట్టం పీకరు. కొట్టం గోడకు బిగించిన కొత్త పలక మీద కెప్టెన్ పేరు, కింద నాయనమ్మ పేరు. ఒక్కో అక్షరం పట్టిపట్టి మూడుసార్లు చదివాను. చూడండిరా అని అరవాలనిపించింది.

తరవాత రిమ్మా తలుపుకు తాళం వేసింది. ఇక చూడటానికేనట, నిప్పు రాజేయకూడదట. పొయ్యి వెలగని కొట్టం శవం అన్నాను. రూలు అంది.

సెప్టెంబరు 6, శనివారం
తాళం పగలగొట్టాను. పొయ్యి రాజేశాను. పఖోమ్ ఆవిరిలో ఒళ్ళు బాదుకునే ఆకురెమ్మల కట్ట తెచ్చాడు.
రిమ్మా తిట్టడానికి వచ్చింది. చంకలో తువ్వాలు ఉంది.