అరవైకి పందొమ్మిది

జూన్ 3, మంగళవారం

ఇవాళ్టి పనులు: దుప్పట్లు ఉతికాను. వంటింటి డబ్బాలు తుడిచి సర్దాను. కుళాయి కారుతుంటే మనిషిని పిలిచి బాగు చేయించాను. మీ అన్నయ్య కంప్యూటర్ ముందు తన పక్క కుర్చీ మీద పడేసిన తువ్వాలు తీసి ఉతకడానికి వేశాను. ఆయన రోజూ వేస్తారు, నేను రోజూ తీస్తాను. ఇక మిగిలింది నీకు ఉత్తరం.

చిరంజీవి మరిదికి వదిన దీవెనలు.

ఫోన్ చేస్తే పక్కగదిలో మీ అన్నయ్యకు వినబడుతుంది. నా గొంతు సంగతి నీకు తెలుసుగా, అందుకే రాస్తున్నాను. కళ్ళ పరీక్షలో తప్పి బస్సు డ్రైవరు సీటు దిగినప్పటి నుంచి గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి, నువ్వు కంప్యూటర్లో పెట్టి వెళ్ళిన విమానం ఆట పుణ్యమా అని మళ్ళీ మనుషుల్లో పడ్డారు. కాకపోతే విమానాన్ని కూడా బస్సులాగే నడుపుతున్నారు. ప్రతి విమానాశ్రయంలోనూ దింపి ఆపేస్తారు. "ఇంకా ఎందుకండీ ఆగడం?" అంటే, "ఉండవే, ఎవరైనా పరుగెత్తుకుంటూ వస్తారేమో" అంటారు. "నువ్వూ వచ్చి కూర్చోరాదూ" అని రోజూ పిలుస్తారు. పొయ్యి మీద పాలు వదిలేసి ఆకాశంలో తిరగడానికి నాకు తీరికెక్కడిది?

సరిగ్గా నడుస్తోందా అంటే "ఊఁ" అంటారు, అంతే. ఆయన ఎలా నడుపుతున్నారో నాకు తెలిసే దారి ఏమైనా ఉందా?

ఉంటాను,
మీ వదిన

తా.క.: నిన్న సముద్రంలో దిగారు. నేను కంగారుపడి లోపలికి వెళితే, "హారన్ కొడదామంటే ఎక్కడుందో దొరకలేదే" అన్నారు.

*

జూన్ 9

వదినకు నమస్కారాలు.

దారి ఉంది. ఆటలో సెట్టింగులు తెరిచి, "ఫ్రేమ్ రేట్ చూపించు" అన్నచోట గుర్తు పెట్టండి. తెర మూలన ఒక అంకె కనిపిస్తుంది. అరవై ఉంటే భేషుగ్గా ఉన్నట్టు. ముప్పై కిందికి పడితే ఆయాసపడుతున్నట్టు. ఎక్కడ పడుతోందో చూసి రాయండి, సరిచేసే మార్గం చెబుతాను.

షాపు నిండా విప్పేసిన కంప్యూటర్లే. ఉంటాను.

మీ మరిది

తా.క.: అన్నయ్యకు హారన్ పెట్టే వీలు లేదని చెప్పండి.

*

జూన్ 16

చిరంజీవి మరిదికి ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే అంకె పెట్టించి, పాల లెక్క పక్కనే రాస్తున్నాను. సముద్రం మీద 58. పొలాల మీద 44. ఊరి మీద 19.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బస్సు మీద ఒక్క గీత కూడా పడనివ్వని మనిషి! మనసు ఉండబట్టలేక, "ఏంటండీ, మొన్న యాభై ఎనిమిది తెచ్చుకున్నవారు ఇవాళ పందొమ్మిదికి దిగారు?" అని అడిగేశాను. "అది నా అంకెనా?" అన్నారు. "మీదే, మరిది చెప్పాడు" అన్నాను. ఊరి మీదికి వెళ్ళకండని చెబితే మాత్రం వినరు. మళ్ళీ అక్కడికే వెళతారు, మళ్ళీ పందొమ్మిదే.

ఏదో ఒకటి చెయ్యి నాయనా.

మీ వదిన

తా.క.: ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను కూర్చుని చూశాను. విమానం నేల మీదే ఉంది, నేను ఏదీ ముట్టుకోలేదు. అరవై వచ్చింది. ఆ మాట ఆయనతో అనకుండా ఉండాల్సింది.

*

జూన్ 20

వదినా,

అంకెలు చూశాను. చెట్లు తీసేయండి, మబ్బులు తీసేయండి, ఇళ్ళు బాగా తగ్గించండి. అన్నీ ఆ సెట్టింగుల్లోనే ఉంటాయి. అరవై తప్పకుండా వస్తుంది.

హడావుడిలో,
మీ మరిది

*

జూన్ 28

మరిదికి,

వచ్చింది. కానీ ఎందుకు వచ్చిందా అని ఏడుస్తున్నాను.

పరీక్ష కాస్త తేలిక చేశావనుకుని, ఆయన సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు గుట్టుగా అన్నీ తీసేశాను. మర్నాడు ఆయన ఊరి మీదికి వెళ్ళారు. కళ్ళు నలుపుకున్నారు. అద్దాలు తుడుచుకున్నారు. "చెట్లు కనిపించడం లేదే" అన్నారు మెల్లగా. తీసింది నేనేనని చెబితే ఆ అరవై ఆయనది కాకుండా పోతుంది కదా! "చెట్ల సంగతి ఎందుకండీ, అరవై వచ్చింది చూడండి!" అన్నాను. ఆయన అటు చూడనైనా లేదు. లేచి కంప్యూటర్ మీద దుప్పటి కప్పేశారు.

నాకు చెప్పకుండా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. ఇప్పుడు మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు. అరవై వచ్చినా దిగులేమిటి?

మీ వదిన

తా.క.: కుర్చీ మీద తువ్వాలు కూడా వేయడం మానేశారు. అది నాకు ఎందుకో బాగాలేదు.

*

జూలై 2

వదినా, నన్ను క్షమించండి.

మీ ఉత్తరాలన్నీ ఇవాళ మొదటి నుంచీ చదివాను. ఇన్నాళ్ళూ అంకెలు మాత్రమే చూశాను. ఆ అంకె అన్నయ్యది కాదు. కంప్యూటర్ సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్పే అంకె. ఊరి మీద చెట్లూ ఇళ్ళూ ఎక్కువ, గీయలేక అది రొప్పుతుంది. ఆయాసం దానిది. అన్నయ్య నడపడంలో ఏ లోపమూ లేదు.

మీరు మనిషి గురించి అడిగితే నేను పెట్టె గురించి చెప్పాను. నా షాపుకు మనిషి గురించి అడగడానికి ఎవరూ రారు వదినా, అలవాటు తప్పిపోయింది.

చెట్లు తిరిగి పెట్టేయండి. ముందు అన్నయ్యకు చెప్పండి.

మీ మరిది

తా.క.: మీకు వచ్చిన అరవై కూడా మీది కాదు.

*

జూలై 7

చిరంజీవి మరిదికి,

చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. "అయితే నా కళ్ళు కాదన్నమాట" అని చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. డాక్టరు "చూపు ఎప్పటిలాగే ఉంది, కంప్యూటర్లో కనిపించని చెట్లకు నా దగ్గర అద్దాల్లేవు" అన్నాడట. జాలిపడి దాస్తున్నాడని ఈయన నమ్మలేదట.

చెట్లన్నీ ఇద్దరం కలిసి తిరిగి పెట్టాం. అప్పుడడిగాను, ఎప్పుడూ ఆ ఊరి మీదికే ఎందుకని. "కింద కనిపించేది నా బస్సు దారే. నీకు చూపిద్దామని" అన్నారు.

ఇన్నేళ్ళలో నేను ఆయన బస్సు ఒక్కసారైనా ఎక్కలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి పొయ్యి మీద ఉండేది. ఇప్పుడు ఎక్కుదామన్నా ఆ డ్రైవరు సీట్లో ఇంకెవరో ఉన్నారు. పరుగెత్తుకుంటూ ఎవరో వస్తారని ఆగేవారు చూశావూ, ఆ ఎవరో నేనేనట. ఆ తువ్వాలు పడేసింది కాదట, నాకోసం సీటు ఆపిందట. రోజూ దాన్ని తీసి, ఉతికి, ఆరేశాను.

నిన్న పొయ్యి ఆర్పేసి వెళ్ళి కూర్చున్నాను. ఊరి మీద విమానం తోస్తే కదిలినట్టు కదిలింది. చెట్లన్నీ ఉన్నాయి. మలుపు మలుపునా ఎవరు ఎక్కేవారో, ఎవరు చిల్లర లేకుండా వచ్చేవారో చెబుతూనే ఉన్నారు. అంకె ఎంతకు పడిందో నేను చూడలేదు.

దీవెనలతో,
మీ వదిన

తా.క.: పద్దు రాసేశాను. బస్సు ప్రయాణాల బాకీ ఇక ఎప్పటికీ తీరదు కనుక, దాన్ని కొట్టేయకుండా అలాగే ఉంచాను. తువ్వాలు బాకీ మాత్రం చెల్లు.