బోర్లించిన పడవ

మనవడు చిరంజీవి అన్వేష్‌కు అవ్వ రాయునది.

గట్టున పడవ కనిపించక మీ బాపు షామీర్‌పేట చెరువు చుట్టూ వెతికాడు. చివరికి అది నువ్వు పనిచేసే రిసార్టులో దొరికింది. దాని నిండా మట్టి, మట్టిలో బంతి మొక్కలు! "ఊకెనే బోర్ల పడున్నది గదా అవ్వా, పాతదని ఇచ్చిన" అని ఫోనులో నవ్వావు. గంగపుత్రుల ఇంట పుట్టినవాడు అనవలసిన మాటేనా? తారు పూసే ముందు అడుగుచెక్క ఆరాలనే పడవను బోర్లిస్తాం. మీ బాపు దాన్ని పారేయలేదు, చేపల వేటకు సిద్ధం చేస్తున్నాడు.

పైగా నీళ్లు నిలవకూడదని అడుగున నాలుగు రంధ్రాలు పొడిపించావట. పడవకు! సోమవారం మన మత్స్యకార సంఘం వాళ్లు చెరువులో వేట మొదలుపెడుతున్నారు. "తెల్వక జేసిండు, పోనీ అమ్మా" అని మీ బాపు నిన్నే వెనకేసుకొస్తున్నాడు. ఆయనకు ఈత వచ్చని నీ ధైర్యమా? వల కాళ్లకు చుట్టుకుంటే ఈత ఎందుకు పనికొస్తుంది?

రేపు సెలవు పెట్టి పడవతో సహా రా. రంధ్రాలు నువ్వే పూడ్చాలి, తారు నువ్వే పూయాలి. అది ఆరాక మొదట నువ్వే ఎక్కి చెరువు నడుమదాకా పోయి రావాలి. నీ కాళ్లు తడవకపోతేనే నా కొడుకు ఆ పడవ ఎక్కుతాడు.

మీ అవ్వ