జేబులో ఉంటే చాలన్నావు

అన్నయ్యా,

అక్కడ ఎలా ఉన్నావో... నువ్వు పోయి ఆర్నెల్లయింది. ఖరగ్‌పూర్‌లో మేం బాగానే ఉన్నాం. మా తాల్‌బగీచా వీధిలో నీళ్ళ గొడవ అలాగే ఉంది. వచ్చినప్పుడల్లా తిట్టుకునేవాడివి కదా, ఆ గొడవే.

నిన్న నీ కూతురు రమ్య ఫోన్ చేసింది. పిల్లల్ని తీసుకుని హాంకాంగ్ వదిలేస్తోందట. ఈ వారంలోనే లండన్ ప్రయాణం. నీతోపాటు దానికీ అప్పట్లో బ్రిటిష్ పౌరసత్వం ఇచ్చారు కదా, దాని మీదే.

ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ ఊరిని చైనాకి అప్పజెప్పే ముందు, జనం బెదిరి వెళ్ళిపోతారని తెల్లవాళ్ళు అక్కడ ఉద్యోగాలు చేసే నీలాంటి కొందరికి తమ పౌరసత్వం ఇచ్చారు. రమ్మని కాదు, ధైర్యంగా అక్కడే ఉండమని. ఇది అమ్మకి ఎక్కడ అర్థమైంది? నువ్వు లండన్ వెళ్ళిపోతున్నావనుకుని అన్నం మానేసింది. అప్పుడు ఫోన్లో నాతో ఏమన్నావో గుర్తుందా? "నాన్న రైల్వే పాసులాటిదేనే అమ్మీ ఇది. జేబులో ఉంటే సాలు. ఎక్కడికీ ఎల్లక్కర్లేదు."

నిజమే. వర్క్‌షాపులో పనిచేసినన్నాళ్ళూ నాన్నకి ఏటా పాసు వచ్చేది. ఆయన పక్కనున్న మేదినీపూర్ దాటితే ఒట్టు. నువ్వూ అంతే... లండన్ మొహం చూడలేదు.

కానీ దానికోసం ఈ దేశం పౌరసత్వం వదులుకున్నావు. పుట్టిన ఊరికి వీసా మీద వచ్చేవాడివి. "మన టేషన్లో దిగడానికి నాకు వీసా ఏటమ్మీ?" అని నవ్వేవాడివి. మాకు నవ్వొచ్చేది కాదు. తిరిగి వెళ్ళేటప్పుడు ప్రతిసారీ ఒకటే మాట. "నన్ను కంసావతి ఏట్లోనే కలపండి. నాన్నని కలిపిన కాడే."

నీ అస్థికలు ఇంకా రమ్య దగ్గరే ఉన్నాయి. ఇక్కడికి రావాలంటే దానికీ వీసా కావాలి, సెలవు కావాలి. ఇప్పుడు కుదరదట. నిన్ను కూడా లండన్ తీసుకెళ్తుందట, అక్కడ కుదురుకున్నాక ఇటు తెస్తుందట. ఎప్పుడు? అడగలేకపోయాను. దాన్ని తప్పుపట్టలేను, దాని పిల్లలు, దాని భయాలు దానివి. నేనే వెళ్ళి తెచ్చుకుందామంటే నాకు అసలు పాస్‌పోర్టే లేదు. సరేనమ్మా అన్నాను.

ఎక్కడికీ వెళ్ళక్కర్లేదన్నావు. చూడు, ఇప్పుడు వెళ్తున్నావు...

రేపు పొద్దున టోటో రిక్షా ఎక్కి నది దగ్గరికి వెళ్తాను. నువ్వు రావడం ఆలస్యమవుతుందని నాన్నకి చెప్పి వస్తాను.

నీ అమ్మీ