10:42 నుంచి 10:48

ఆగస్టు 4
రాఘవమ్మ గారు. నలభై రెండేళ్లు. కోట ఊరికి అవతల సముద్రపు ఒడ్డు మనిషి, చేపలమ్ముతుంది. పిత్తాశయంలో రాళ్లు. మత్తు ఇచ్చింది నేను. బల్ల మీద పడుకుంటూ, ఇంత చిన్నపిల్లవి, నిద్రపుచ్చేది నీకొచ్చునా అమ్మే, అని నవ్వింది. వచ్చునన్నాను.

రక్తం ఆపడానికి కాల్చే కాటరీ పెట్టినప్పుడల్లా మానిటర్ కూస్తుంది. సర్జన్ రవి కుమార్ గారు, ఆ కూత ఆపు తల్లీ, తల పగిలిపోతా ఉండాది, అన్నారు. అలారం ఆపేశాను. కాసేపటికి ఆక్సిజన్ అంకె పడిపోసాగింది. వేలికి పెట్టే క్లిప్పు పాతది, ఎప్పుడూ ఇంతే అనుకున్నాను. వేలు మార్చాను. తుడిచి మళ్లీ పెట్టాను. ఇంకో క్లిప్పు తెప్పించాను. రక్తం నల్లగా వస్తోందని ఆయన అరిచాకే గుడ్డ ఎత్తి చూశాను. ఊపిరి గొట్టం ఊడి ఉంది.

10:42 నుంచి 10:48.

గుండె ఆగింది. మళ్లీ కొట్టుకుంది. ఆమె కళ్లు తెరవలేదు.

ఆగస్టు 5
నిన్న మత్తు చార్ట్‌లో ఆ ఆరు నిమిషాల ఆక్సిజన్ గడుల్లో 98, 98, 99 అని రాశాను. గుండ్రటి కాన్వెంటు చేతిరాత. హెబ్రోను సర్ మా సీనియర్. మత్తు వైద్యుల జాతీయ సంఘానికి మా జిల్లా కార్యదర్శి. నన్ను నిరుడు అందులో చేర్పించింది ఆయనే. ఖాళీ గడులున్న చార్ట్ యాడన్నా చూసినావా బిడ్డా, నింపెయ్, అన్నారు. కోపంగా అనలేదు.

ఆగస్టు 7
ఐసీయూ. వెంటిలేటర్ ఆమె ఛాతీని ఎత్తుతోంది, దించుతోంది. కూతురు గంగాభవాని మంచం దగ్గరే నిలబడి ఉంది. సముద్రమంటే భయపడే మనిషి కాదు మాయమ్మ, కత్తంటే భయపడినాది, అంది. చూడక్కా, నువ్వొస్తే వేలు కదిలిస్తా ఉండాది, అంది.

కదలలేదు. కదిలిందన్నాను.

ఆగస్టు 9
ఉదయం 6:10కి పోయారు.

ఆగస్టు 11
నిశ్శబ్దమంటే భయంగా ఉంది. వంటింట్లో కుక్కర్ కూత ఆగితే లేచి వెళ్లి చూస్తున్నాను. మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టాను. మెలకువ వచ్చి, ఏందే, నేనింకా పోలా, అని తిట్టింది.

ఆగస్టు 14
హెబ్రోను సర్ ఫోన్. సంఘం వెబ్‌సైట్‌లో ఒక ఫారం ఉందట. పొరపాట్లు రాసి పంపడానికి. పేర్లుండవు. ఆడ రాసెయ్, బరువు దిగిపోద్ది, మనలో మనకు తెలిస్తే చాలు, ఆమె కూతురి ముందు మాత్రం నోరు తెరవబాక, అన్నారు. తనూ రెండుసార్లు రాశారట. ఎవరి గురించని నేను అడగలేదు.

రాశాను. నా పేరు అడగలేదు. ఆమె పేరు కూడా. వయసు. ఆపరేషన్. అలారం పనిచేస్తోందా. ఆక్సిజన్ తగ్గిన నిమిషాలు: 6. సబ్మిట్ నొక్కగానే, ధన్యవాదాలు, మీ నివేదిక ఇతరుల భద్రతకు తోడ్పడుతుంది, అని వచ్చింది. కింద ఒక నంబరు.

బరువు దిగలేదు.

ఆగస్టు 19
గంగాభవాని కాగితాల కోసం వచ్చింది. చార్ట్ కాపీ చేతిలో ఉంది. పది చదివిన పిల్ల. నా అంకెల మీద వేలు పెట్టి, అంతా బాగానే ఉండాది గదక్కా, మరి మాయమ్మ ఎట్ట పోయింది, అంది. గుండె ఆగిందని ఆస్పత్రిలో చెప్పినారు, గుండె బాగలేని మనిషిని కోయించినావని ఊళ్లో నన్నే అంటా ఉండారు, వద్దు వద్దంటే లాక్కొచ్చింది నేనే, అంది. నేనే చంపుకున్నానా అక్కా, అని అడిగింది.

బాత్రూములోకి వెళ్లి కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి వెళ్లిపోయింది.

ఆగస్టు 20, ఉదయం
కోట బస్సులో ఉన్నాను. హెబ్రోను సర్ రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

సాయంత్రం
గంగాభవానికి చెప్పాను. అలారం, క్లిప్పు, నా చేతిరాత. ఎంతసేపు, అంది. ఆరు నిమిషాలు. వల చిక్కుకుంటే మా నాయన మునిగి తీస్తాడు, రెండు నిమిషాలకే కళ్లు ఎర్రబడిపోతాయి, అంది. ఫోన్‌లో గడియారం నడిపి నా ముందు పెట్టింది. ఊపిరి పట్టు, అంది.

నలభై ఒకటో సెకను దగ్గర నోరు తెరిచాను. ఆమె గడియారం ఆపలేదు. మిగతాది ఇద్దరం కూర్చుని చూశాం.