మోకాళ్ల గోలీలు

మంగళవారం, రాత్రి

పసుపు ఉడకబెట్టే పనికి పోయే రాజవ్వను మధ్యాహ్నం మా దవాఖానకు తెచ్చారు. ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది, బీపీ మాత్రం అందడం లేదు. ఏం మందులు వాడుతోందని తోడు వచ్చిన గంగామణిని అడిగాను.

"మోకాళ్ల నొప్పులకు గోలీలు, సిస్టర్. రెండేండ్ల సంది మింగుతుండె. అమ్మెటోడు వారం సంది వస్తలేడు."

ఆమె చూపించిన ఖాళీ గోలీల రేకు మీద పేరు చదివాను. స్టెరాయిడ్. ఇన్నాళ్లు మింగి ఒక్కసారిగా ఆపితే, ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారుచేయడం మరిచిన అడ్రినల్ గ్రంథి వెంటనే కోలుకోదు; బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ చెప్పిన ఇంజెక్షన్ చేసి సెలైన్ ఎక్కించాను. సాయంత్రానికి రాజవ్వ కళ్లు తెరిచి నీళ్లడిగింది.

అప్పుడు గంగామణి మెల్లగా అంది, "మా గుంపుల పదిమందిమి గవే మింగినం, సిస్టర్. నాకు గూడ పొద్దుగాల్నించి కండ్లు తిరుగుతున్నయి."

ఆమెను వెంటనే పడుకోబెట్టి, ఆమె చెప్పిన నంబర్లకు నేనే ఫోన్ చేశాను. వాళ్ల ఊరు పెర్కిట్ నుంచి ఏడుగురు ఆటోల్లో వచ్చేశారు. ఒంటరిగా ఉండే సాయమ్మ మాత్రం ఫోన్ ఎత్తలేదు. ఆమె పక్కింటామెకు ఫోన్ చేసి, చూసి రమ్మన్నాను.

"లోపల లైటు ఎలుగుతుంది, సిస్టర్. ఎంత పిలిచినా పలుకుతలేదు. తలుపు పలగ్గొడుతున్నరు," అంది.

లైన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు.